రంగం పోయిన దారి

ప్రకాశం జిల్లా ముండ్లమూరు నుంచి సింగపూర్ బయల్దేరిన కుర్రవాడికి దారిలో విమానం కంటే బస్సే ఎక్కువసేపు పడుతుంది. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డెక్కి, హైదరాబాదు దాటి శంషాబాదు చేరేసరికి ఆరేడు గంటలవుతుంది. అక్కడి నుంచి నాలుగున్నర గంటల్లో విమానం సింగపూర్‌లో దించుతుంది. పెట్టింది తిని, కాస్త కునుకు తీసి లేచేలోగా బంగాళాఖాతం వెనక్కి పోతుంది. రాత్రి విమానంలో కిటికీ పక్క సీటు దొరికినా కింద చీకటి తప్ప మరేమీ కనిపించదు.

ఆ చీకటి కిందున్న నీళ్ల మీద ఒకప్పుడు తెలుగువాళ్లు మూడు నాలుగు రాత్రులు గడిపేవాళ్లు. ఈనాటి మయన్మార్, అప్పటి బర్మాలో వాళ్లు పోయిన ఊరిని పటంలో రంగూన్ అనేవారు. తెలుగు పల్లెల్లో దాని పేరు రంగం. ‘వాడు రంగం పోయాడు’ అంటే ఇక వివరాలు అడిగే పని లేదు. అప్పు తీర్చడానికి పోయాడనో, కరువుకు తాళలేక పోయాడనో, దొర దగ్గర పాలేరుతనం వదిలించుకోవడానికి పోయాడనో విన్నవాళ్లే అర్థం చేసుకునేవాళ్లు. ఈరోజు దుబాయి, సింగపూర్ అనే మాటలు పలికినప్పుడు ఇంట్లో కలిగే ఆశా బెంగా నూరేళ్ల కిందట ఆ ఒక్క మాటలోనే ఉండేవి.

సముద్రం దాటడం తెలుగువాడికి కొత్త కాదు. ముండ్లమూరుకు ఒక పూట ప్రయాణంలో, చీరాల దగ్గర, మోటుపల్లి ఉంది. ఇప్పుడది ఇసుక మధ్య చిన్న పల్లె. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో అక్కడ వేయించిన శాసనం వీరభద్రస్వామి ఆలయంలో రాతి మీద నిలిచి ఉంది. పరదేశాల నుంచి వచ్చే ఓడ వర్తకులకు అందులో ఆయన అభయమిచ్చాడు. తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారు. తాము ఆ పని చేయబోమని, ముప్పైకి ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని మాట ఇచ్చాడు. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో రాసిన ‘ముత్‌ఫిలి’ ఈ మోటుపల్లే. ఇక్కడి వజ్రాలను, సాలెగూడంత పలుచని నూలు బట్టలను చెప్పుకుని అతను ఆశ్చర్యపోయాడు. కాకతీయుల తర్వాత, మొదట అద్దంకి నుంచి ఏలిన రెడ్డి రాజుల కాలంలో, 1358లో, అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ హామీ శాసనం వేయించాడు. చైనాలోని క్వాన్‌ఝౌ రేవులో 1281 నాటి తమిళ శాసనం దొరికింది. తూర్పు తీరపు వర్తకులు అంత దూరం పోయి గుడి కట్టుకున్నారనడానికి అదే సాక్ష్యం. ఆ క్వాన్‌ఝౌ పక్కనున్న జియామెన్ రేవుకే ఈరోజు చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు ఓడల్లో పోతున్నాయి.

అది వర్తకుల సముద్రం. కూలివాడి సముద్రం ఆ తర్వాత చాలాకాలానికి మొదలైంది.

గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దగ్గర్లో, కోరంగి అనే రేవు ఉండేది. ఓడలు కట్టడంలో దానికి పెద్ద పేరు. 1839 నవంబరు తుఫాను ఆ రేవును తుడిచిపెట్టింది. రేవు పోయినా పేరు మాత్రం బర్మాలో నిలిచిపోయింది. తెలుగు కూలీ ఏ జిల్లావాడైనా రంగూన్‌లో అందరూ అతన్ని ‘కోరంగీ’ అనే పిలిచేవారు. బర్మాలో పోలీసు ఉద్యోగం చేసిన జార్జ్ ఆర్వెల్ తన నవలలో కూడా ఆ మాట వాడాడు. ఊరి పేరు ఒక జాతి పేరుగా మారి, చివరికి చులకన మాటగా కూడా వాడకమైపోయింది. ఆ పిలుపు విని తలెత్తిన వేలమందిలో ఎంతమందికి కోరంగి ఎక్కడుందో తెలుసునో!

బ్రిటిష్‌వాళ్లు 1852లో రంగూన్‌ను గెలుచుకున్నారు. మాంట్‌గోమరీ అనే వైద్యుడు, ఫ్రేజర్ అనే ఇంజనీరు కలిసి నది ఒడ్డున గళ్ల బట్టలా వీధులు గీశారు. నట్టనడుమ సూలే పగోడా, దాని చుట్టూ నిలువూ అడ్డం రోడ్లు, అడ్డవీధులకు అంకెలు. అడవి కొట్టి వరి వేయడానికి, పండిన వరిని మిల్లాడించి ఓడకెక్కించడానికి మనుషులు కావలసివచ్చారు. బర్మాలో భూమి ఎక్కువ, జనం తక్కువ. సముద్రానికి ఇవతల పరిస్థితి తలకిందులు. ఓడలు దొరకడమే తరువాయి అయింది. 1856లో కలకత్తా–రంగూన్ టపా మోయడానికి పుట్టిన కంపెనీ 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా మారి మద్రాసు, కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవులన్నిటినీ రంగూన్‌తో కలిపింది.

రంగం ఓడలు ఎక్కినవాళ్లలో గోదావరి, విశాఖ, గంజాం జిల్లాలవాళ్లదే పెద్ద వాటా. రేవులు వాళ్ల గుమ్మంలో ఉన్నాయి. ఈనాటి పశ్చిమ ప్రకాశం అప్పటికి ఒకే జిల్లాలో లేదు. దర్శి, పొదిలి నెల్లూరు కింద, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు కింద, అద్దంకి గుంటూరు కింద ఉండేవి. ఈ మెట్ట ప్రాంతం నుంచి సముద్రం దాటాలంటే ముందు మద్రాసు చేరాలి. ఆ దారి ఏర్పడిన తీరు వింటే మనసు కలుక్కుమంటుంది.

1876లో వర్షాలు ముఖం చాటేశాయి. జనం ధాత కరువని చెప్పుకున్న ఆ మహాక్షామం 1878 దాకా మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసింది. ఒంగోలులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పుడు కరువు పనుల కింద కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకున్నాడు. ఊళ్లు వదిలి వచ్చిన వేలమంది ఎముకల గూళ్లు ఆ గట్టు మీద తట్టలు మోశాయి. అదే బకింగ్‌హామ్ కాలువ. పెదగంజాం నుంచి మద్రాసు దాకా పడవ దారి ఏర్పడింది. 1899కి బెజవాడ–మద్రాసు రైలు మార్గం కూడా పూర్తయింది. ఆకలి తీరడానికి తవ్విన కాలువే రేవుకు పోయే బాట అయింది.

ఇక ఓడ సంగతి.

మేస్త్రీ ఊళ్లోకి వచ్చి బయానా ఇస్తాడు. ఆ డబ్బులో కొంత ఇంట్లో ఇవ్వాలి, కొంత షావుకారుకు కట్టాలి, ఓడ టిక్కెట్టు కూడా అందులోనే. అంటే కూలివాడు రంగూన్‌లో కాలు పెట్టకముందే అప్పులో కాలు పెట్టినట్టు. టిక్కెట్టు డెక్కు మీదికి. డెక్కంటే పైన గుడారపు గుడ్డ, కింద చెక్క. బల్ల లేదు, గది లేదు. ఎవరి చాప వాళ్లు పరుచుకుంటారు. చాప పరిచినంత మేరే నీ ఇల్లు. తలదగ్గర మూట, మూట పక్కన చెంబు. ఎవరైనా లేచి నీళ్లకు వెళితే తిరిగొచ్చేసరికి ఆ చోటు సగమైపోతుంది. రేవు వదిలిన కొన్ని గంటలకే ఓడ ఊగుడు మొదలవుతుంది. ఎన్నడూ సముద్రం చూడని మెట్టవాడు కడుపులో ఉన్నదంతా కక్కుకుని, ఆ పూటకు వండిందేదీ ముట్టకుండా ఆకాశం చూస్తూ పడుకుంటాడు. ఎటు చూసినా ఒడ్డు లేని మొదటి రాత్రి అది.

ఈ ప్రయాణం ఎలా ఉండేదో చెప్పడానికి ఒక పెద్ద సాక్షి ఉన్నాడు. దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చిన గాంధీజీ 1915 మార్చిలో రంగూన్‌లో ఉన్న తన మిత్రుడు డాక్టర్ ప్రాణ్‌జీవన్ మెహతాను చూడడానికి కలకత్తా నుంచి డెక్కు టిక్కెట్టు మీదే వెళ్లాడు. మూడో తరగతి రైలు కంటే ఓడ డెక్కే ఘోరంగా ఉందని, స్నానాల గది, మరుగుదొడ్లు కాలు పెట్టలేనంత అసహ్యంగా ఉన్నాయని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఓడ అధికారికి అక్కడే ఫిర్యాదు చేశాడు, కంపెనీకి కూడా రాశాడు. ఆయన మాట పట్టించుకోవడానికి ఎవరో ఒకరు ఉన్నారు. ఆయన పక్క చాప మీద పడుకున్నవాడికి ఫిర్యాదు అనే పదార్థం ఒకటుందనే తెలియదు.

మూడో నాలుగో తెల్లవారుజామున నీళ్ల రంగు మారుతుంది. నీలం పోయి బురదరంగు వస్తుంది. ఓడ సముద్రం వదిలి నదిలోకి మళ్లుతుంది. రెండు పక్కలా నేలబారుగా పచ్చటి ఒడ్డు, వరిమిల్లుల పొగగొట్టాలు కనిపిస్తాయి. వాటన్నిటి వెనుక, చెట్ల పైన, ఎండకు మెరుస్తూ ఒక బంగారు గోపురం. ష్వేడగోన్ పగోడా అది. డెక్కు మీద అందరూ లేచి నిలబడేవాళ్లు. తిరుపతి కొండ తొలిసారి కనిపించినప్పుడు చేతులెత్తినట్టు దానికీ చేతులెత్తినవాళ్లు ఆ ఓడల్లో తప్పక ఉండి ఉంటారు.

దిగగానే మశూచి టీకా. తర్వాత మేస్త్రీ తనవాళ్లను లెక్కపెట్టుకుని వరసగా నడిపించుకుపోతాడు. చుట్టూ జనం మాట్లాడేదాంట్లో బర్మీస్ ఒక్క ముక్క అర్థం కాదు. నాలుగడుగులు వేసేసరికి మాత్రం చెవిన తెలుగు పడుతుంది. రేవులో బస్తాలు మోసేవాడు తెలుగువాడు, రిక్షా లాగేవాడు తెలుగువాడు, మిల్లులో ఊక ఎత్తేవాడు, మునిసిపాలిటీ తరఫున వీధులు ఊడ్చేవాడు తెలుగువాడే. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో నాలుగు లక్షల జనముంటే, అందులో రెండు లక్షలకు పైగా భారతీయులు. బర్మా మొత్తం మీద తెలుగువాళ్లు లక్షన్నర పైమాటే. ఆసియాలో ఒక దేశపు రాజధాని అది, కానీ ఆ దేశంవాళ్లే అక్కడ తక్కువ. 1927లో ఒక్క ఏడాదే నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఓడ దిగారు. వలస జనం దిగే రేవుల్లో రంగూన్‌ను న్యూయార్క్‌తో పోల్చేవారంటే ఆ రద్దీ ఊహించుకోవచ్చు.

మొదటి రాత్రి పడక మేస్త్రీ చూపించిన గదిలో. గది తలుపు మీద ఇంతమందే ఉండాలని మునిసిపాలిటీ అంకె వేసి ఉంటుంది. లోపల అంతకు రెండింతలు మూడింతల మంది. పగటి పనివాడు లేచిన చాప మీద రాత్రి పనివాడు పడుకుంటాడు. చాప చల్లారదు. గదిలో చోటు దొరకనివాళ్లు వీధి అరుగుల మీద, రోడ్డు పక్కనే నడుం వాల్చేవాళ్లు. మర్నాడు తెల్లవారకముందే రేవు పిలుపు. కూలి లెక్క చూస్తే గుత్తేదారు కింద పెద్ద మేస్త్రీ, అతని కింద చిన్న మేస్త్రీ, అతని కింద ముఠా మేస్త్రీ. ఒక్కొక్కరు తమ వాటా మినహాయించుకున్నాక మిగిలిందే మోసినవాడి చేతికి. కార్మికుల స్థితిగతుల మీద 1929–31లో వచ్చిన విట్లీ కమిషన్ ఈ మేస్త్రీ పద్ధతినీ, ఈ గదుల ఇరుకునూ విచారించి నమోదు చేసింది. నగరం చూడడానికి తీరిక దొరికేది ఆదివారం పూటే. 1906 నుంచి ఎలక్ట్రిక్ ట్రాములు తిరుగుతున్న ఊరు అది. డల్హౌసీ వీధిలో దీపాలు, మొగల్ వీధిలో అంగళ్లు. లుంగీ కట్టి, తలలో పూలు పెట్టుకుని ధైర్యంగా బేరమాడే బర్మా ఆడవాళ్లను చూసి పల్లెటూరి కుర్రవాడు బిత్తరపోయేవాడు.

ఇంత కష్టం తెలిసీ జనం ఎందుకు పోయారన్న ప్రశ్నకు డబ్బు ఒక్కటే జవాబు కాదు. ఊళ్లో మాలపల్లెవాడిగా, మాదిగపల్లెవాడిగా బతికినవాడికి రంగూన్‌లో కూలి రొక్కంగా చేతికొచ్చింది. ఏ దొర ఇంటి ముందు చెప్పులు విప్పనక్కర్లేదు. అక్కడా అతన్ని అడుగునే ఉంచారు, నిజమే. అయినా మూడు నాలుగేళ్లకు తిరిగొచ్చి ఊళ్లో ఎకరం కొన్నవాడి నడక మారింది. రంగం మనియార్డర్లు తీరాంధ్ర పల్లెల్లో భూముల పత్రాలుగా మారిన కాలం అది. దాన్ని చిన్నచూపు చూసే హక్కు మనకెవరికీ లేదు.

1930 ఆ కథను మలుపు తిప్పింది. మే 5 రాత్రి పెగూ దగ్గర భూమి కంపించింది. పెగూలో వందలమంది చనిపోయారు, రంగూన్‌లోనూ భవనాలు కూలాయి. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో నేల కొద్ది క్షణాలు అదిరితేనే ఇళ్లలోంచి అందరూ వీధిలోకి పరుగెత్తారు. పరాయి దేశంలో, నాలుగంతస్తుల ఇరుకు గదుల్లో ఉన్నవాళ్ల ప్రాణం ఆ రాత్రి ఎలా కొట్టుకుందో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ నెలలోనే తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మీయులను పనిలోకి దించాయి. సమ్మె తెగి తెలుగువాళ్లు తిరిగి పనిలోకి వచ్చిన మే 26న బర్మీయులను పొమ్మన్నారు. అక్కడ రాజుకున్న గొడవ ఊరంతా అంటుకుంది. వందమందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది తెలుగు కూలీలే. బర్మీయుడి కోపానికీ కారణం లేకపోలేదు. ఆర్థిక మాంద్యంలో వడ్లకు ధర పడిపోయి, పొలాలు అప్పుల కింద పోయి పట్నం చేరినవాడికి ఉన్న ఒక్క పనీ పోయింది. ఇద్దరు పేదవాళ్లకు ఒకే బస్తా చూపించి కొట్టుకోమన్నవాళ్లు ఎవరన్నది మరిచిపోకూడదు.

ఈలోగా ఆకాశంలో కొత్త దారి పడింది. 1933లో లండన్ నుంచి వచ్చే విమాన మార్గం కరాచీ, కలకత్తాల మీదుగా రంగూన్‌కు, ఆ ఏడాది చివరికి సింగపూర్‌కు చేరింది. అధికారులకూ, టపా సంచులకూ, పెద్ద వ్యాపారులకూ ఆ విమానాలు. రేవులో బస్తా మోసేవాడు తలెత్తి చూసిన విమానం అదే. తర్వాత తలెత్తినప్పుడు బాంబులు పడ్డాయి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ రేవు మీద, వీధుల మీద విరుచుకుపడ్డాయి. విమానాల పోరు చూద్దామని రోడ్ల మీదికి వచ్చినవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే పడిపోయారు.

మిగిలినవాళ్లు నడిచారు. ఒక దారి తౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి, ఇంకో దారి టాము మీదుగా మణిపూర్‌లోని ఇంఫాల్‌కు. అడవి, కలరా, దాహం. 1942 మార్చి మొదట్లో రంగూన్ జపాన్ చేతికి పోయింది. దాదాపు ఐదు లక్షలమంది ఇలా ఇండియాలోకి చేరారని అంచనా. దారిలో రాలిపోయినవాళ్లు పదివేలని కొందరు, యాభైవేలు దాటారని కొందరు చరిత్రకారులు లెక్కగట్టారు. విమానమెక్కి బయటపడే అదృష్టం కొద్దిమందిదే. మూడు రాత్రుల్లో ఓడ మీద పోయిన దూరాన్ని నెలల తరబడి కాళ్లతో కొలిచి వెనక్కి వచ్చారు.

ఆ యుద్ధం పశ్చిమ ప్రకాశాన్నీ వదల్లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఏటా సుమారు ముప్పై లక్షల టన్నులు ఎగుమతి చేసే బర్మా నుంచి బియ్యం రావడం ఆగిపోయి మద్రాసు రాజధానిలో రేషను మొదలైంది. తీరానికి దూరంగా, రైలు మార్గం పక్కన, యుద్ధ విమానాలు దిగి ఇంధనం నింపుకోవడానికి ఒక చోటు కావాలని బ్రిటిష్ ప్రభుత్వం దొనకొండను ఎంచుకుంది. ముండ్లమూరుకు పడమరగా, దర్శి దాటాక వచ్చే ఆ ఊళ్లో అప్పటి విమాన మైదానం ఇప్పటికీ ఉంది. యుద్ధం అయిపోయాక అది అలాగే ఉండిపోయింది.

యుద్ధం తర్వాత కొందరు మళ్లీ రంగం పోయారు. కానీ 1937లోనే ఇండియా నుంచి విడిపోయిన బర్మా ఆ తర్వాత స్వతంత్ర దేశమైంది. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేసి, యాభై, వంద క్యాట్‌ల నోట్లు రద్దు చేసేసరికి తరాలుగా అక్కడున్నవాళ్లు కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు అలా వెలసిందే. సాయంత్రం పూట అక్కడి బండ్ల మీద బర్మా నూడుల్స్ తినే కుర్రకారుకు ఆ వంటకం ఏ ఓడలో వచ్చిందో చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. రాకుండా ఉండిపోయినవాళ్ల మనవలు మయన్మార్‌లో నేటికీ తెలుగు మాట్లాడుతున్నారు, రాముడి గుళ్లు నిలబెట్టుకుంటున్నారు.

ఒక మహానగరాన్ని భుజాల మీద మోసిన ఇంతమంది గురించి మన పాఠ్యపుస్తకాల్లో నిండా ఒక పేజీ లేదు. విట్లీ కమిషన్ నివేదికలో ఉన్నది అంకెలూ, ఇంగ్లిషూ. ఓడ దిగిన మొదటి రోజు ఏం తిన్నాడో, ఎవరు పలకరించారో, ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో కూలీ చెప్పిన మాట అందులో దొరకడం కష్టం. అది ఇళ్లలోనే ఉంది. అటక మీది పాత పెట్టెలో రంగూన్ ముద్ర ఉన్న మనియార్డరు రసీదో, మడతల్లో చినుగుతున్న ఉత్తరమో కనిపిస్తే పారేయకండి. ఇంట్లో ఎనభై, తొంభై ఏళ్ల పెద్దవాళ్లు ఉంటే ‘మనవాళ్లు ఎవరన్నా రంగం పోయారా?’ అని ఒకసారి అడగండి. వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి, ఊరి పేరూ తేదీ రాసి పెట్టండి.